నిబంధనను ‘కోయడం’: బైబిల్లో రక్తం చేసే పని

హెబ్రీ భాషలో నిబంధన చేసుకోవడాన్ని చెప్పడానికి ఎక్కువగా వాడే మాట ‘కారత్ బెరీత్’. బెరీత్ అంటే నిబంధన, కారత్ అంటే కోయడం. ఆ భాషలో నిబంధనను కోస్తారు. తెలుగు బైబిల్లో ఇది ‘నిబంధన చేసెను’ అయింది. అర్థానికి లోటేమీ లేదు కానీ, ఆ క్రియలో దాగి ఉన్న కత్తి మాత్రం కనబడకుండా పోయింది. యిర్మీయా 34వ అధ్యాయంలో ఒకే వాక్యంలో ఈ క్రియ రెండుసార్లు వస్తుంది. దేవుడు అంటాడు: వాళ్లు నా ఎదుట ‘కోసిన’ నిబంధన, వాళ్లు రెండుగా ‘కోసిన’ దూడ. నిబంధనకూ దూడకూ ఒకే క్రియ. మాటే ఇలా ఉన్నప్పుడు, రక్తం బైబిలు నిబంధనల్లోకి ఎందుకొచ్చిందని అడగడం కన్నా, వచ్చి ఏం పని చేసిందని అడగడం మేలు.

తెలుగు క్రైస్తవులకు రక్తం చాలా దగ్గరి మాట. ‘యేసు రక్తమే జయం’ అన్న వాక్యం ఇంటి గుమ్మాల మీద, ఆటోల వెనక కనిపిస్తుంది. ప్రసంగాల్లో బలి గురించి సాధారణంగా వినిపించే వివరణ ఒకటే: పాపానికి శిక్ష మరణం, మనిషి చావాల్సిన చోట జంతువు చచ్చింది. ఈ భావానికి బైబిల్లో ఆధారం ఉంది. కానీ నిబంధనలు మొదటిసారి ఏర్పడిన చోటుకు వెళ్లి చూస్తే, అక్కడ రక్తం చేసే మొదటి పని శిక్ష తీర్చడం కాదు. ఇద్దరిని ఒక మాటకు కట్టివేయడం. పాపక్షమాపణ అనే అర్థం ఆ తర్వాత, వేరే దారిలో వచ్చి ఇందులో కలిసింది. రెండు పాయలనూ మొదటినుంచే ఒకటిగా చదివితే, ఆదికాండం 15, నిర్గమకాండం 24 లాంటి అధ్యాయాల్లో జరుగుతున్నది సరిగా కంటబడదు.

ముందు ఆదికాండం 15. ఈ దేశం నీకిస్తానని దేవుడు అబ్రాముతో అంటాడు. అది నాకు దక్కుతుందని నాకెలా తెలుస్తుంది అని అబ్రాము అడుగుతాడు. దానికి జవాబుగా మరో మాట రాదు, ఒక ఆజ్ఞ వస్తుంది. మూడేళ్ల పెయ్య, మూడేళ్ల మేక, మూడేళ్ల పొట్టేలు, ఒక తెల్లగువ్వ, ఒక పావురపు పిల్ల తీసుకురమ్మని. అబ్రాము పశువులను నడిమికి ఖండించి సగాలను ఎదురెదురుగా పెడతాడు. పక్షులను మాత్రం ఖండించడు. గద్దలు కళేబరాల మీద వాలితే తోలుతూ కూర్చుంటాడు. పొద్దు గుంకేసరికి అతనికి గాఢనిద్ర పడుతుంది. కటికచీకటిలో పొగలు కక్కే పొయ్యి, మండే జ్వాల ఆ ఖండాల మధ్య నుంచి సాగిపోతాయి. ఆ రోజే యెహోవా అబ్రాముతో నిబంధన ‘కోశాడు’ అని తర్వాతి వచనం మొదలవుతుంది.

ఇలాంటి దృశ్యం ఆ కాలపు పశ్చిమాసియాలో కొత్తది కాదు. ఇప్పటి టర్కీ దక్షిణ కొసన ఉన్న అలలఖ్ అనే పాత నగరంలో దొరికిన ఒక మట్టిపలక మీద, అలెప్పో రాజు అబ్బాన్ తన కింది పాలకుడు యారీంలీముకు ఆ నగరాన్ని ఇచ్చిన సంగతి ఉంది. ఇస్తూ అబ్బాన్ ఒక గొర్రెపిల్ల మెడ కోసి, ఇచ్చినది తిరిగి తీసుకుంటే తనకు శాపం తగలాలని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నది భూమి పుచ్చుకున్నవాడు కాదు, ఇచ్చినవాడు. మరికొన్ని శతాబ్దాల తర్వాత, క్రీ.పూ. 8వ శతాబ్దంలో, అష్షూరు రాజు ఐదవ అష్షూర్ నిరారీ అర్పదు రాజు మతీలుతో చేసుకున్న ఒప్పందంలో ఇదే విషయం ఇంకా పచ్చిగా ఉంటుంది. ఈ తల గొర్రెపిల్ల తల కాదు, మతీలు తల అని అందులో రాసుకున్నారు. మాట తప్పితే ఈ పిల్లకు పట్టిన గతే అతనికి పడుతుందన్నమాట. అదే మతీలుతో వేరే రాజు చేసుకున్న మరో ఒప్పందం అలెప్పో దగ్గర సెఫీరేలో, అరామిక్ భాషలో రాతి మీద దొరికింది. అందులో గొర్రెపిల్లకు బదులు దూడ ఉంటుంది. ఈ దూడ రెండైనట్టే ప్రమాణం తప్పినవాడూ రెండవ్వాలి అని.

కాబట్టి ఖండాల మధ్య నడవడమంటే తన మీద తానే శాపం పెట్టుకోవడం. మన ఊళ్లలో పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసేవాళ్లకు ఈ భయం కొత్త కాదు. ఆదికాండం 15లో విడ్డూరమంతా నడిచింది ఎవరన్నదాంట్లోనే ఉంది. అబ్రాము నడవలేదు, నిద్రపోయాడు. పొయ్యిగా, జ్వాలగా దేవుడొక్కడే నడిచాడు. బలవంతుడు బలహీనుడి చేత ప్రమాణం చేయించుకోవడం లోకరీతి. ఇక్కడ బలవంతుడే ఆ కళేబరాల మధ్యకు దిగాడు. అలలఖ్ పలకలో దాత గొర్రె మెడ కోసినట్టే ఇక్కడా దాతే ప్రమాణం చేస్తున్నాడు. అయితే తాను చావలేని దేవుడు చావు శాపాన్ని తన మీద పెట్టుకోవడం ఏమిటన్న ప్రశ్న ఆ అధ్యాయంలో తేలదు. క్రైస్తవ వ్యాఖ్యాతలు ఎందరో దాని జవాబును సిలువ దగ్గర వెతికారు.

ఈ వివరణను ఒప్పుకోని పండితులూ ఉన్నారు, వాళ్ల మాటలో బలం ఉంది. ఆదికాండం 15లో ‘రక్తం’ అన్న మాటే లేదు. బలిపీఠం లేదు, దహనం లేదు, బలి అన్న పదమూ లేదు. ఎంచుకున్నవి మాత్రం తర్వాత ఇశ్రాయేలీయులు బలికి వాడిన జాతులే. అందుకని, ఆ పశువులు రాబోయే ఇశ్రాయేలు జనానికి గుర్తు, వాలబోయిన గద్దలు శత్రుజాతులకు గుర్తు, మధ్య నడిచిన జ్వాల ఆ జనం మధ్య దేవుడు ఉండటానికి గుర్తు అని కొందరు చదువుతారు. అదే అధ్యాయంలో 400 ఏళ్ల బానిసత్వం గురించి ముందే చెప్పడం వాళ్లకు అనుకూలంగా ఉంది. కానీ యిర్మీయా 34తో కలిపి చూస్తే శాపప్రమాణమే ఎక్కువ అతుకుతుంది.

యిర్మీయా చెప్పేది బబులోను సేన యెరూషలేమును ముట్టడించిన రోజుల సంగతి. సిద్కియా రాజు, పెద్దలు, జనం కలిసి హెబ్రీ బానిసలను విడిచిపెడతామని నిబంధన చేసుకున్నారు. దూడను కోసి దాని భాగాల మధ్య నడిచారు. శత్రువు కాస్త వెనక్కి తగ్గగానే విడిచిపెట్టినవాళ్లను మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. అప్పుడు ప్రవక్త నోట వచ్చిన తీర్పు ఇది: మీ శవాలు ఆకాశపక్షులకూ భూమృగాలకూ ఆహారమవుతాయి. దూడకు జరిగిందే మీకు జరుగుతుందని దానర్థం. అబ్రాము ఆ రోజు తోలిన గద్దలు ఇక్కడ మళ్లీ వాలుతున్నట్టుంది. ఈ అధ్యాయంలో దూడ ఎవరి పాపాన్నీ మోయలేదు. మాట మీద నిలవని మనుషులు రేపు ఏమవుతారో చూపించింది, అంతే.

సీనాయి కొండ దగ్గర రక్తం పని పూర్తిగా మారుతుంది. బైబిల్లో ‘నిబంధన రక్తం’ అన్న మాట మొదటిసారి వినిపించేది నిర్గమకాండం 24లోనే. ఇక్కడ వరుస చాలా ముఖ్యం. మోషే యెహోవా మాటలన్నీ జనానికి చెప్పాడు. వాళ్లు ఏకస్వరంతో ఒప్పుకున్నారు. ఆయన వాటిని రాశాడు. తెల్లవారి లేచి కొండ కింద ఒక బలిపీఠం, 12 గోత్రాలకు 12 స్తంభాలు కట్టాడు. ఇంకా యాజకులు ఏర్పడలేదు కాబట్టి యువకులే కోడెలను దహనబలులుగా, సమాధానబలులుగా అర్పించారు. మోషే రక్తంలో సగం పళ్లేల్లో పోసి, మిగతా సగాన్ని బలిపీఠం మీద ప్రోక్షించాడు. ఆ తర్వాత ఆగాడు. నిబంధన గ్రంథం తీసి జనానికి వినబడేలా చదివాడు. యెహోవా చెప్పినదంతా చేస్తాం, వింటాం అని జనం అన్నాక గాని పళ్లేల్లో రక్తం వాళ్ల మీద చల్లలేదు.

అంటే మొదటి ప్రోక్షణకూ రెండో ప్రోక్షణకూ మధ్య ఒక పుస్తకం ఉంది, ఒక ఒప్పుదల ఉంది. ఆ మాటలు లేకపోతే ఆ రక్తానికి ఏ అర్థమూ లేదు. రక్తంలో ఏదో మంత్రశక్తి ఉన్నట్టు చూసే ఆలోచనకు ఈ అధ్యాయం చోటివ్వదు. పళ్లేల్లో రక్తం గడ్డకట్టకముందే చదవడం, ఒప్పుకోవడం రెండూ అయిపోవాలి కదా. ఆ కొద్దిసేపు ఆ జనం ఎంత బిగపట్టుకుని విన్నారో ఊహించుకోవచ్చు.

ఒకే రక్తం దేవుడి వైపు నిలిచిన బలిపీఠం మీద, జనం మీద పడింది. దీన్ని రక్తసంబంధం అని వివరించిన పండితులు 19వ శతాబ్దంలో ఉన్నారు. దేవుడూ జనమూ ఒక రక్తం పంచుకుని చుట్టాలయ్యారని. తెలుగువాళ్ల చెవికి ఇది వెంటనే ఎక్కుతుంది, మనకు చుట్టరికమంటేనే రక్తం. కానీ హెబ్రీవాళ్లు చుట్టరికాన్ని రక్తంతో చెప్పలేదు. ‘నా ఎముకలో ఎముక, నా మాంసంలో మాంసం’ అన్నారు. లాబాను యాకోబుతో అన్నదీ అదే, నీవు నా ఎముకా నా మాంసమూ అని. కాబట్టి సీనాయి రక్తాన్ని చుట్టరికంగా చదవడం మన భాషను వాళ్ల నోట పెట్టడమే అవుతుంది.

ఇంతకన్నా గట్టి ఆధారం తోరాలోనే, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లోనే, మరో చోట ఉంది. అహరోనును, అతని కొడుకులను యాజకులుగా ప్రతిష్ఠించినప్పుడు పొట్టేలు రక్తాన్ని వాళ్ల కుడిచెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూశారు. బలిపీఠం మీది రక్తాన్ని వాళ్ల మీదా వాళ్ల బట్టల మీదా ప్రోక్షించారు. కుష్ఠు నుంచి బాగుపడినవాడు పాళెంలోకి తిరిగి వచ్చేటప్పుడూ చెవికి, బొటనవేళ్లకు రక్తం పూశారు. రెండు సందర్భాల్లోనూ మనిషి ఒక స్థితి నుంచి మరో స్థితికి దాటుతున్నాడు. సీనాయి దగ్గరకు రాగానే దేవుడు జనంతో అన్న మాట, మీరు నాకు యాజక రూపమైన రాజ్యంగా ఉంటారని. ఆ లెక్కన నిర్గమకాండం 24లో జరిగింది ఒక జనం మొత్తానికి జరిగిన ప్రతిష్ఠ. రక్తం పడకముందు వాళ్లు ఐగుప్తు నుంచి బయటపడ్డ బానిసలు. పడ్డాక ఒక దేవుడికి కట్టుబడిన జనం.

ఇంకో సంగతి. ఆ రోజు అర్పించినవాటిలో పాపపరిహారార్థబలి లేదు. దహనబలి, సమాధానబలి మాత్రమే ఉన్నాయి. సమాధానబలి అంటే అర్పించినవాళ్లు కూర్చుని తినే బలి. నిజంగానే తర్వాతి దృశ్యం భోజనం. మోషే, అహరోను, నాదాబు, అబీహు, 70 మంది పెద్దలు కొండెక్కి దేవుణ్ని చూసి అన్నపానాలు పుచ్చుకున్నారు. క్షమాపణ మాట ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆ తర్వాతి కాలంలో యూదులు తోరాను అరామిక్‌లోకి మార్చుకున్నప్పుడు, ఒంకెలోస్ తర్గూము అనే అనువాదంలో, మోషే ఆ రక్తాన్ని జనానికి ప్రాయశ్చిత్తం చేయడానికి బలిపీఠం మీద చల్లాడని చేర్చారు. ఇంకో పాయ వచ్చి కలవడం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ రెండో పాయ లేవీయకాండానిది. ‘రక్తము దేహమునకు ప్రాణము’ అన్న 17వ అధ్యాయపు మాట దానికి కేంద్రం. ప్రాణం దేవుడిది కాబట్టి రక్తాన్ని మనిషి తినకూడదు. వేటలో చంపిన జంతువు రక్తాన్ని కూడా నేల మీద ఒలికించి మన్ను కప్పాలి. దేవుడు దాన్ని ఒక్క పనికే మనుషులకు ఇచ్చాడు, బలిపీఠం మీద ప్రాయశ్చిత్తానికి. ఇక్కడ తెలుగు మాట కాస్త దారి తప్పిస్తుంది. మనకు ప్రాయశ్చిత్తమంటే తప్పు చేసినవాడు తన ఒంటి మీద తెచ్చుకునే కష్టం, ఉపవాసమో దానమో. హెబ్రీలో ఉన్న ‘కిప్పేర్’ అనే క్రియకు తుడవడం, శుద్ధి చేయడం, విమోచన వెల ఇవ్వడం అనే ఛాయలు ఉన్నాయి. ఏడో నెల పదో రోజున ప్రధానయాజకుడు రక్తం తీసుకుని, దేవుడి సన్నిధికి గుర్తైన కరుణాపీఠం ఎదుట ఏడుసార్లు చల్లుతాడు. ఆ రక్తం పరిశుద్ధస్థలాన్ని, బలిపీఠాన్ని శుద్ధి చేస్తుందని 16వ అధ్యాయం చెబుతుంది. జనం పాపాల వల్ల దేవుడి నివాసం మైలపడింది, దాన్ని రక్తంతో కడుగుతున్నారు అన్నది లేవీయకాండాన్ని జీవితమంతా చదివిన జేకబ్ మిల్‌గ్రోమ్ వాదన. ఇది నిబంధనను స్థాపించే రక్తం కాదు. స్థాపించిన నిబంధన తెగిపోకుండా కాపాడే రక్తం.

రక్తం లేనిదే నిబంధన లేదనడం కూడా సరికాదు. నోవహుకు గుర్తు మేఘంలో ధనుస్సు. ముందు బలి అర్పించాడు నిజమే, కానీ నిబంధనకు గుర్తుగా నిలిచింది ఆ విల్లు. దావీదుకు అతని సింహాసనం నిలుస్తుందని నాతాను ప్రవక్త చెప్పిన రాత్రి బలి ఊసే లేదు. బంగారు దూడ తర్వాత మోషే పలకలు పగలగొట్టాడు. నిర్గమకాండం 34లో నిబంధన మళ్లీ కుదిరినప్పుడు రక్తం చల్లడం కనిపించదు. యెహోషువ షెకెములో జనంతో నిబంధన చేసి ఒక పెద్ద రాయిని సాక్షిగా నిలబెట్టాడు. నెహెమ్యా కాలంలో ముద్రలు వేశారు. చివరికి పాపపరిహారార్థబలికి కూడా, రెండు గువ్వలు కొనలేని బీదవాడు నూనె, సాంబ్రాణి లేని పిండి తెస్తే చాలని లేవీయకాండం 5 ఒప్పుకుంటుంది.

ప్రవక్తలు ఇంకా ముందుకు వెళ్లారు. కోడెల రక్తం, గొర్రెపిల్లల రక్తం నాకు ఇష్టం లేదని యెషయా మొదటి అధ్యాయంలోనే దేవుడు అంటాడు. కారణం నాలుగు వచనాల తర్వాత వస్తుంది: మీ చేతులు రక్తంతో నిండి ఉన్నాయి. కొత్త నిబంధన గురించి యిర్మీయా 31లో దేవుడు మాట్లాడినప్పుడు ధర్మాన్ని హృదయం మీద రాస్తానన్నాడు, పాపాలు ఇక జ్ఞాపకం చేసుకోనన్నాడు. రక్తం గురించి ఒక్క ముక్క లేదు.

ఇదంతా వెనక ఉంచుకుని యేసు చివరి రాత్రి భోజనం చూడాలి. మార్కు సువార్తలో గిన్నె చేత పట్టుకుని ఆయన అన్నది, ఇది నిబంధన విషయమై అనేకుల కొరకు చిందింపబడుచున్న నా రక్తం అని. సీనాయి దగ్గర మోషే అన్న మాటకు ఇది ప్రతిధ్వని. తేడా ‘నా’ అన్న ఒక్క అక్షరం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లూకాలో అది ‘నా రక్తము వలననైన క్రొత్త నిబంధన’. సీనాయిలోని రక్తం, యిర్మీయాలోని కొత్త నిబంధన ఇక్కడ మొదటిసారి ఒకే గిన్నెలో కలిశాయి. పాపక్షమాపణ నిమిత్తం అన్న మాట ఈ నలుగురిలో మత్తయి ఒక్కడే ఆ గిన్నెతో చేర్చాడు. మిగతా ముగ్గురికి నిబంధనే ముందు. క్షమాపణను వాళ్లు కాదన్నారని కాదు, యిర్మీయా కొత్త నిబంధన క్షమాపణతోనే ముగుస్తుంది. కానీ ఆ బల్ల దగ్గర శిష్యులు మొదట విన్నది ఒక జనం పుడుతోందన్న మాట. 12 స్తంభాల స్థానంలో 12 మంది కూర్చుని ఉన్నారు. ఇదంతా భోజనం మధ్యలో జరిగింది, సీనాయి పెద్దలు కొండ మీద తిన్నట్టే.

ఇందులో ఒక పెద్ద విఘాతం కూడా ఉంది. రక్తం తాగడం తోరాలో నిషేధం. మోషే రక్తాన్ని చల్లాడు, ఎవరూ తాగలేదు. యేసు తాగమన్నాడు. ద్రాక్షరసమే అయినా, ఇలాంటి మాట యూదుల చెవికి ఎంత కఠినంగా తగిలిందో యోహాను 6 చెబుతుంది. అప్పటిదాకా వెంట నడిచిన శిష్యుల్లోనే చాలామంది వెనక్కి తిరిగిపోయారు. ఈ తర్వాత కూడా తొలి సంఘం అన్యజనుల విశ్వాసులకు పెట్టిన కొద్ది నియమాల్లో రక్తం మానుకోవాలన్నది ఒకటి. రక్తం మీద పాత భయభక్తులు పోలేదు, అందుకే ఆ గిన్నెకు అంత బరువు.

రెండు పాయలను పూర్తిగా ముడివేసింది హెబ్రీ పత్రిక. 9వ అధ్యాయంలో సీనాయి దృశ్యాన్ని తిరిగి చెబుతూ నీళ్లు, ఎర్రని ఉన్ని, హిస్సోపు అనే మొక్క చేర్చింది. ఇవి నిర్గమకాండం 24లో లేవు, కుష్ఠరోగి శుద్ధికీ ఎర్రని పెయ్య బూడిదకూ సంబంధించినవి. అంటే నిబంధన రక్తాన్నీ శుద్ధి రక్తాన్నీ రచయిత కావాలనే ఒకచోట కలిపాడు. గ్రీకులో నిబంధనకు వాడిన ‘దియతేకే’ అన్న మాటకు వీలునామా అని కూడా అర్థం. తెలుగు అనువాదకులు 16, 17 వచనాల్లో దాన్ని ‘మరణశాసనము’ అన్నారు, రాసినవాడు చస్తేనే చెల్లుతుందని. ఇది మంచి అనువాదమే. కానీ ఆ 17వ వచనంలో గ్రీకు మాటలు ‘చచ్చినవాటి మీద స్థిరపడుతుంది’ అన్నట్టుగానూ ఉన్నాయి. అలా చదివితే అబ్రాము ఎదుట పడి ఉన్న ఖండాలే మళ్లీ కళ్ల ముందుకు వస్తాయి. రెండు చదువులకూ వాదించే పండితులు ఉన్నారు, పాత నిబంధన వాసన ఎక్కువ ఉన్నది మాత్రం రెండోదానికే.

ఆ అధ్యాయంలోనే అందరికీ నోటికి వచ్చే వాక్యం ఉంది, రక్తము చిందింపకుండ పాపక్షమాపణ కలుగదని. తెలుగు బైబిల్లో ఆ వచనం ‘సామాన్యముగా చెప్పవచ్చును’ అని ముగుస్తుంది. గ్రీకులో ఉన్న ‘దాదాపు’ అనే మాటకు అది తెలుగు. ప్రసంగాల్లో ఆ చివరి ముక్క తరచూ రాలిపోతుంది. రచయితకు మాత్రం బీదవాడి పిండి గుర్తుంది. ఎద్దుల, మేకల రక్తం పాపాలను తీసివేయడం అసాధ్యమని పక్క అధ్యాయంలోనే రాసినవాడు ఆయన.

తెలుగు సంఘాల్లో ప్రభువు బల్ల దగ్గర ఇప్పటికీ వరుస ఇదే. ముందు వాక్యం చదువుతారు, ఎక్కువగా మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయం. అందరూ నిశ్శబ్దంగా తమను తాము పరీక్షించుకుంటారు. రొట్టె విరుస్తారు. ఆ తర్వాతే చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం వరుసలు దాటి చేతులు మారుతుంది.